అడుగు మాయని బూట్లు

ఫార్మింగ్టన్ హిల్స్‌లో దేవకుమార్ ఇంటికి ఎవరొచ్చినా గుమ్మం దగ్గరే చెప్పులు విడవాల్సిందే. ఆ రూలు పెట్టింది అతని తల్లి మణెమ్మ. పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో గుంటూరు నుంచి ఈ దేశం వచ్చి దిగిన మర్నాడే పెట్టింది. ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు బాగుచేయడానికొచ్చిన ఆరడుగుల మనిషి చేత కూడా బూట్లు విప్పించి, చిల్లుపడ్డ మేజోళ్ళతో బేస్‌మెంట్‌లోకి పంపిన ఘనత ఆవిడది. పొద్దున్నే లేచి బైబిలు వాక్యం చదువుకోవడం, టీ కాచడం, కొడుకూ కోడలూ డ్యూటీలకు పోయాక మేడమెట్లు పదమూడూ తుడుచుకురావడం. నాలుగేళ్ళుగా ఇదే వరస.

అరవై రెండో పుట్టినరోజుకి కొడుకు చేతికర్ర కొనిచ్చాడు. మణెమ్మకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? మిషన్ ఆసుపత్రి నర్సుగా ముప్పై ఏళ్ళు రేగడి బురదలో ఊరూరూ నడిచి కాన్పులు చేసిన మనిషి. చెప్పులు చేతపట్టుకుని వాగులు దాటిన మనిషి. ఆవిడకా కర్ర! దాన్ని తీసుకెళ్ళి స్నానాలగదిలో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి కట్టేసింది.

పక్కింటి ఎలెన్‌కి అరవై ఎనిమిది. రిటైరైన టీచరు. ఏటా వేసవిలో వీపుకి ఇంత సంచి తగిలించుకుని, లేక్ సుపీరియర్ అనే సముద్రమంత సరస్సు మధ్యనున్న ద్వీపానికెళ్ళి, అడవిలో ఐదు రోజులు నడిచొస్తుంది. ఎనభై మూడు వసంతంలో ఒకరోజు కంచె దగ్గర మాటల్లో, నువ్వూ రారాదూ అంది. షరతు ఒక్కటే. మంచి బూట్లు కొనాలి, బయల్దేరేలోగా అవి కాలికి అలవాటు కావాలి. బొబ్బలెక్కిన కాళ్ళతో ఎవరినీ వెంట తీసుకెళ్ళనంది. ఆ మాట మణెమ్మ మనసులో నాటుకుపోయింది. తన కాళ్ళమీద తాను ఇంకొక్కసారి దూరం పోవాలి. ఇప్పుడు పోకపోతే మిగిలిన బతుకంతా కిటికీ పక్క కుర్చీలోనేనని ఆవిడకి బాగా తెలుసు.

షాపుకి దేవకుమారే తీసుకెళ్ళాడు. ఏ సైజూ పట్టదు, అమ్మే విసుగెత్తి ఊరుకుంటుందని అతని లెక్క. చెప్పొద్దూ, మొదట అలాగే జరిగింది. ఆడవాళ్ళ బూట్లన్నీ సన్నం. మణెమ్మ పాదాలేమో రబ్బరు చెప్పుల్లో స్వేచ్ఛగా పెరిగి, వేళ్ళు విప్పుకుని విసనకర్రల్లా ఉంటాయి. కానీ ఆ షాపులో పనిచేసే ఎర్రగడ్డం మనిషి ఓపికమంతుడు. సాయంత్రం వచ్చి మంచిపని చేశారు, కాళ్ళు కాస్త ఉబ్బినప్పుడే కొలత తీయాలన్నాడు. మందపాటి ఉన్ని మేజోళ్ళు ఇచ్చాడు. మగవాళ్ళ బూట్లలో వెడల్పువి తెచ్చి ఒక్కొక్కటే తొడిగాడు. వాలుగా పెట్టిన చెక్కమీద కిందికి నడిపించి, వేళ్ళు ముందుకి తగులుతున్నాయా, మడమ పైకి లేస్తోందా అని అడిగాడు. ఏడు జతలు కాదంది. ఎనిమిదో జత తొడుక్కుని చెక్క దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగింది. ఎవరూ అడక్కుండానే నవ్వింది.

తోలు కాలిని నేర్చుకోవాలి, రోజూ ఇంట్లో తొడుక్కుని తిరగండి అన్నాడు గడ్డం మనిషి. ముప్పై రోజుల్లో నచ్చకపోతే వాపసు తీసుకుంటారట. కాకపోతే బూట్ల అడుగు మాయకూడదు. రసీదు దేవకుమార్ తీసుకుని చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక గుమ్మం దగ్గర అసలు చిక్కు బయటపడింది. బయటంతా వాన, బురద. ఇంట్లోనా, జోడు నిషిద్ధం.

"రూలు పెట్టింది నువ్వే కదమ్మా," అన్నాడు దేవకుమార్, నవ్వు ఆపుకుంటూ.

"పెట్టింది నేనే. తీసేసేదీ నేనే," అంది మణెమ్మ. కొత్త బూట్లతో గడప దాటి, కార్పెట్ మీదుగా నడిచి మెట్లెక్కింది. దేవుడికి మనసులోనే క్షమాపణ చెప్పుకుంది గానీ, బూట్లు మాత్రం విప్పలేదు.

మర్నాటికి మెట్లు పదిహేనయ్యాయి. వారం తిరిగేసరికి నలభై. ఆవిడ వీపు సంచిలో బియ్యం మూట పెట్టుకుని ఎక్కిన రోజున ఏకంగా వంద దాటాయి. కోడలు దెబోరా లాండ్రీ బుట్ట కిందే పెట్టేసుకుంది. దేవకుమార్ గడ్డం గీసుకునే సామాను కింది బాత్రూమ్‌లోకి మార్చుకున్నాడు. శనివారాలు ఇంటికి ప్రార్థనకొచ్చినవాళ్ళు ఇవాళ ఎన్నయ్యాయండీ అని, ఎండా వానా సంగతి అడిగినట్టు అడిగి కూర్చునేవారు. సగం దూరంలో మలుపు దగ్గర దెబోరా ఒక కూజా మంచినీళ్ళు పెట్టింది. ఆ పైన కార్పెట్ పలచబడి రాయి తేలింది, రాతికి నాచు పట్టింది. మణెమ్మ రోజూ ఎక్కింది, దిగింది. మడమ దగ్గర కాస్త ఒరుసుకుంటే బూటు తాడు సడలించి కట్టుకుంది. మూడో వారానికి బూట్లు కాలికి అతుక్కుపోయాయి. అడుగులు మాత్రం కొన్ననాడు ఉన్నట్టే ఉన్నాయి.

ప్రయాణం రోజు పొద్దున సంచీ, చేతికర్రా తెచ్చుకోవడానికి పైకెళ్ళింది. తువ్వాళ్ళ కర్రకి చివరికి పని పడింది. సంచి వీపుకి తగిలిస్తుండగా ఎలెన్ కారు హారన్ వినిపించింది. అప్పటికి మెట్లు మూడొందల చిల్లర. దబదబా దిగినా కిందికి చేరేసరికి పావుగంట పట్టింది. వాకిట్లో కారు లేదు. తలుపు దగ్గర దేవకుమార్ నిలబడి ఉన్నాడు. అమ్మకి మోకాలు నొప్పి, రాలేదని చెప్పి పంపించేశానన్నాడు. మొహం ఎటో తిప్పుకుని, బూట్లిమ్మని చెయ్యి చాపాడు. ఇంకా పది రోజులుంది, వాపసు ఇచ్చేస్తానన్నాడు.

మణెమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో తిరిగిన నీళ్ళవి.

"నాన్నలాగే నువ్వూ ఉన్నట్టుండి పడిపోతే, ఆ అడవిలో ఎవరున్నారమ్మా?" అన్నాడు దేవకుమార్. పాపం, అతని భయం అబద్ధం కాదు.

"మీ నాన్న దారిలో పోలేదురా. కుర్చీలో కూర్చుని పోయాడు," అంది మణెమ్మ.

అంతే, వెనక్కి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టింది.

కూజా దగ్గర ఆగి నీళ్ళు తాగింది. తన గది తలుపు వచ్చింది. రోజూ మెట్లు అక్కడితో అయిపోయేవి. ఇవాళ తలుపు పక్కనుంచి ఇంకా పైకి పోతున్నాయి. మణెమ్మ గదికేసి ఒకసారి చూసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని సాగిపోయింది. కాసేపటికి చల్లగాలి తగిలింది. దేవదారు చెట్ల వాసన వేసింది. మిట్టమధ్యాహ్నానికి ఒక రాతిగుట్ట మీద తేలింది. రెండువైపులా కనుచూపు మేర నీళ్ళు. ఆవిడ ఆనందానికి అడ్డే లేదు. పెద్దగా స్తోత్రం చెప్పింది, వినడానికి ఎవరూ లేకపోయినా.

మర్నాడు సాయంత్రం ద్వీపంలో పడవ దిగిన ఎలెన్‌కి, రేవు దగ్గర స్టవ్వు ముట్టించి టీ కాస్తున్న మణెమ్మ కనిపించింది. ఎలెన్ ఏమీ అడగలేదు. టీలో పంచదార ఎక్కువైందని మాత్రం అంది. ఐదు రోజులు నడిచారు. మణెమ్మకి ఒక్క బొబ్బ లేవలేదు. బొబ్బలేచింది ఎలెన్‌కే.

శనివారం దేవకుమార్ ఇంట్లో ప్రార్థన కూడిక. గుమ్మం బయట ఇరవై జతల జోళ్ళు. లోపల అందరూ ఉత్త కాళ్ళతో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. దేవకుమార్ ఆ వారమంతా రోజూ మేజోళ్ళతో మెట్లెక్కాలని చూసి, నలభయ్యో మెట్టు దగ్గర జారి వెనక్కి వచ్చేశాడు. పైనుంచి ధన్ ధన్‌మని అడుగుల చప్పుడు వినగానే ముందుగా కళ్ళు తెరిచింది అతనే.

దిగేటప్పుడు వేళ్ళు ముందుకి తగలకుండా తాడు పైదాకా బిగించి కట్టుకుని, కర్ర ఆనించుకుంటూ మణెమ్మ దిగొచ్చింది. ఆవిడ వెనకాల మెట్లు పదమూడే ఉన్నాయి. తెల్ల కార్పెట్ మీద నల్లటి అచ్చులు పదమూడూ పడ్డాయి. ప్రార్థన మధ్యలో ఆగిపోయింది. ఎవరూ బూట్లు విప్పమనలేదు.

మణెమ్మ ఆఖరి మెట్టు మీద కూలబడింది. దేవకుమార్ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. బిగుసుకున్న ముడులు విప్పడానికి దెబోరా సాయం పట్టింది. అతను వంగినప్పుడు చొక్కా జేబులోంచి రసీదు జారి కింద పడింది. మణెమ్మ దాన్ని చూసింది. ఎడమ బూటు తీసి, కొడుకు మొహం ముందు తిరగేసి పట్టుకుంది. అడుగు నిండా బురద, గడ్డిపరకలు, దేవదారు ఆకులు.

"అది పారేయరా నాన్నా," అంది. "అడుగు మాసింది. ఇక వాపసు తీసుకోరు."