ఒకే బస్సులో రెండు కేసులు

గోనెగండ్ల దాటాక రోడ్డుకూ, నీళ్లు పారే వంకకూ మధ్య మూడు చేలు వరసగా ఉంటాయి. వంక పక్కది బసమ్మది. నడుమది గఫూర్ సాబ్‌ది. రోడ్డు పక్కదాన్ని నాలుగేళ్ల కిందట తిరుపాల్ కొన్నాడు.

గొడవ తిరుపాల్‌తో మొదలైంది. కొత్తగా కొన్న చేనును కొలిపించుకుని, గఫూర్ సాబ్ చేలోకి ఆరు గజాలు జరిగి గట్టు వేశాడు. గఫూర్ సాబ్ తన చేను మొత్తానికి హక్కు తేల్చమని ఆదోనిలోని పెద్ద కోర్టులో కేసు వేశాడు. అంతటితో ఊరుకోలేదు. ఇటువైపు పాత గట్టు తెగ్గొట్టి, బసమ్మ చేలోకి తనూ ఆరు గజాలు జరిగాడు. బసమ్మ తన గట్టు కోసం ఎమ్మిగనూరు కోర్టుకు పోయింది.

అప్పటినుంచి గఫూర్ సాబ్ భార్య దస్తగిరమ్మతో బసమ్మకు మాటల్లేవు. ఇరవై ఏళ్లు ఒకరి చేలో ఒకరు పత్తి ఏరుకున్నవాళ్లు, ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్లు. ఆ సంగతి బసమ్మను ఆరు గజాలు పోయినదానికన్నా ఎక్కువగా బాధపెట్టేది. పైకి మాత్రం అనేది కాదు.

ఒక వాయిదా రోజు ఆమె లాయరు జ్యోత్స్న, "రెండు కేసులూ కలిపి ఒకే కోర్టులో వినమని అడుగుదాం పెద్దమ్మా" అంది.

బసమ్మకు కోపం వచ్చింది. "నా కేసు నాది. వాళ్ల గొడవలో నన్నెందుకు కలుపుతావు పాపా? తిరుపాల్‌ను నేను ఒక్క మాటన్నా అనలేదే!"

"గఫూర్ సాబ్ ఆడ ఒకటి చెప్తాండాడు, ఈడ ఒకటి చెప్తాండాడు. వినేది ఇద్దరు జడ్జీలు. ఒకరు ఒక తీరుగా, ఇంకొకరు ఇంకో తీరుగా తీర్పిస్తే నీ గట్టు యాడ వేసుకుంటావు?"

బసమ్మ మూడు వేళ్లు చూపించింది. "కలిపితే మూడు చేలూ ఒకేసారి కొలుస్తారా?"

"కొలవమనే అడుగుదాం."

"అట్లయితే యాడ సంతకం పెట్టాల్నో చూపించు" అంది బసమ్మ.

కొన్ని నెలలకు జిల్లా కోర్టు బసమ్మ కేసును కూడా ఆదోనికి పంపింది. ఇక రెండింటినీ కలిపే వింటామని అక్కడి జడ్జి చెప్పారు.

మొదటి వాయిదాకు బసమ్మ గోనెగండ్లలో బస్సెక్కింది. ఖాళీగా ఉన్నది ఒక్కటే సీటు, అదీ దస్తగిరమ్మ పక్కన. గఫూర్ సాబ్ వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. బసమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు ఎమ్మిగనూరు దాటింది.

ఉన్నట్టుండి దస్తగిరమ్మ వెనక్కి తిరిగింది. "ఏమయ్యా, తిరుపాల్ నీ ఆరు గజాలు తీసుకున్నాడని ఒక కేసులో సెప్పినావు. బసమ్మక్క ఆరు గజాలు మొదట్నుంచీ నీవేనని ఇంకో కేసులో సెప్పినావు. ఇప్పుడు జడ్జి సారు రెండూ ఒకే దినం ఇంటాడంట. ఏం సెప్తావు?"

బస్సులో అందరూ గఫూర్ సాబ్ వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "లాయరు సెప్తాడులే."

"లాయరుకు మాత్రం రెండు నోళ్లుండాయా?"

బసమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. దస్తగిరమ్మ కూడా నవ్వేసింది. ఆదోనిలో దిగాక ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉగ్గాని, బజ్జీ తిన్నారు. గఫూర్ సాబ్ వేరే బల్ల వెతుక్కున్నాడు.

కోర్టులో జడ్జి రెండు కట్టలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. "మీ ఆరు గజాలు ఏ వైపు పోయాయి?" అని గఫూర్ సాబ్‌నే నేరుగా అడిగారు.

ఆయనకు అబద్ధం రాలేదు. "తూర్పున పోయినాయి సార్. పడమర తీసుకుంటి."

జడ్జి నవ్వు దాచుకుంటూ తల వంచుకున్నారు. మూడు చేలనూ ఒకేసారి కొలిపించమని సుధాకర్ అనే లాయరును కోర్టు తరఫున కమిషనరుగా పంపారు.

ఆయన సర్వేయరుతో వచ్చిన రోజు ముగ్గురు రైతులూ, దస్తగిరమ్మా రోడ్డు పక్కన నిలబడ్డారు. పాత పటం ప్రకారం కొలత మొదలు కావలసింది తిరుపాల్ చేను మూలనున్న రాయి నుంచి. రాయి కనబడలేదు.

"నాకు కొలిచినాయన ఈ సీమతుమ్మ కంపల అంచునుంచి పట్టినాడు. కంపలుండేదంతా రోడ్డు జాగా అన్నాడు" అన్నాడు తిరుపాల్.

"కాదప్పా, రాయి కంపల్లోనే ఉంటాది" అంది బసమ్మ. "పెండ్లయి వచ్చిన కొత్తలో పుట్టినింటికి పోయేటప్పుడు దాని మీదనే కూసోని బస్సు కోసం సూస్తాంటి."

ఆమె కొడవలి తీసుకుని కంపల్లోకి దూరింది. దస్తగిరమ్మ వెనకనే పోయి, పొడుగాటి కర్రతో ముళ్ల కొమ్మలు ఎత్తి పట్టింది. ఇద్దరి చీరలూ చిరిగాయి. అరగంటకు బసమ్మ కేక వేసింది, "ఈడుంది, రాండి!"

సర్వేయరు పటంతో సరిచూసి తల ఊపాడు. ఆ రాయి నుంచి కొలిస్తే కంపలున్న ఆరు గజాల పట్టీ తిరుపాల్‌దేనని తేలింది. అతను కంపల వైపు జరిగితే గఫూర్ సాబ్ చేను నిండుతుంది. గఫూర్ సాబ్ జరిగితే బసమ్మది నిండుతుంది. ఎవరికీ సెంటు కూడా తగ్గలేదు.

తిరుపాల్ ఉన్నచోటనే కూలబడ్డాడు. "నాలుగేండ్లు నా జాగాను నేనే రోడ్డనుకుంటి గదన్నా!" అని పకపకా నవ్వాడు. "ఆ గట్టు నేనే తీసేస్తాలే."

గఫూర్ సాబ్ మాత్రం నవ్వలేదు. బసమ్మ దగ్గరికి వచ్చాడు. "తిరుపాల్‌ది తెలీక చేసిన పని. నేను తెలిసే చేస్తినక్కా. తప్పు నాదే."

"ఆ మాట కోర్టులో కూడా చెప్తావా?"

"చెప్తాను."

చెప్పాడు కూడా. ముగ్గురూ రాజీ కాగితం మీద సంతకాలు పెట్టారు. రెండు కేసులూ ఒకే తీర్పుతో ముగిశాయి.

ఆ ఏడు పత్తి పగిలిన రోజుల్లో దస్తగిరమ్మ పొద్దున్నే సద్ది మూటతో కొత్త గట్టు దాటి వచ్చింది. "ముందు నీ చేనా, నా చేనా?"

"నీదే. ముందు పగిలింది అదే గదా" అంది బసమ్మ, కొంగు నడుముకు చుట్టుకుంటూ.