హనుమక్క ఎముక

కాటన్‌పేటలో హనుమక్క బొరుగుల అంగడి తెరవగానే ముందు వచ్చేది గిరాకీ కాదు, కష్టాలు. ఎవరైనా ఆమె మోకాలి మీద చెయ్యేసి బాధ చెప్పుకుంటే, అది నేరుగా ఆమె ఎముకల్లోకి ఇంకిపోయేది. వాళ్లు తేలికపడి, ఓ సేరు బొరుగులు కొలిపించుకుని వెళ్లేవాళ్లు. హనుమక్క మాత్రం ఏటికేడు బరువెక్కింది. ఆమె ఎక్కితే మస్తాన్ ఆటో ఓ పక్కకి ఒరిగేది. పేటలో దాన్నెవరూ వింతగా చూడలేదు.

ఈ వానాకాలం ఆమె తుంటి పట్టేసింది. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మానేసింది. ఇక అంగడి మూసి మంచాన పడాలేమోనని భయం పట్టుకుంది.

డాక్టర్ వరూధిని ఎక్స్‌రే చూపించింది. "ఎముక చివర్లో లోపలంతా స్పాంజిలా గదులు గదులుగా ఉంటుందమ్మా. దాన్నే స్పాంజియోసా అంటాం. అందుకే ఎముక లైట్‌గా ఉన్నా గట్టిగా ఉంటుంది. మీకు ఒక్క గదీ ఖాళీ లేదు."

"బొరుగు మాదిరి ఉండాల్సింది అటుకు మాదిరి అయ్యుండాదా?"

"అంతే. లోపలికి పోవడమే గానీ బయటికి రావట్లేదు. తగ్గకపోతే ఆపరేషనే. మరి తీరిపోయిన కష్టాలేమయ్యాయి?"

"తీరిందని చెప్పేదానికి ఎవరొస్తారు తల్లీ?"

ఆమెని ఆటోలో తీసుకొచ్చి పక్కనే ఉన్న మస్తాన్ తల గోక్కున్నాడు. కూతురు ఫర్హానాకి మాటలు రావట్లేదని ఆ మోకాలు పట్టుకునే ఏడ్చాడు ఒకప్పుడు. ఇప్పుడా పిల్ల నోరు మూయించలేక టీచరే దండం పెడుతోంది.

కష్టం తీరినవాళ్లు ఆ మాట వచ్చి అక్కకి చెప్పాలని అతను పేటంతా తిరిగి చెప్పాడు. కష్టం చెప్పడానికి పరిగెత్తుకొచ్చిన జనం, తీరాక ఆ గుమ్మం తొక్కితే ఒట్టు! ఇప్పుడు సిగ్గుపడుతూ వచ్చారు.

"మా ఆయన తాగుడు మానేసి శానా దినాలాయె అక్కా, మర్సేపోయినా."

"మా వినయ్ పాసైపోయినాడక్కా."

ఒక్కో మాటకి తుంటిలో ఏదో చిటుక్కుమని ఖాళీ అయ్యేది. హనుమక్క అందర్నీ తిట్టింది, ఏడ్చింది, నవ్వింది.

చివరికి మస్తాన్ ఫర్హానాని తీసుకొచ్చాడు.

"అవ్వా, నాకు మాటలొచ్చినాయని నాయన నీకు చెప్పనే లేదంట! నీ ఒళ్లో కూర్చోనా?"

"వద్దమ్మీ, అవ్వకి నొప్పి!" అని మస్తాన్ అరిచేలోపే పిల్ల ఎక్కేసింది. హనుమక్క కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి నొప్పి కోసం కాచుకుంది.

నొప్పి రాలేదు. ఇక ఆపరేషన్ లేదని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. గుండెల నిండా ఊపిరి తీసుకుని పిల్లని దగ్గరికి లాక్కుంది.

"ఊ, ఇంకా చెప్పమ్మీ" అంది.