మబ్బును కుట్టిన టైలరమ్మ

సైకిలు స్టాండు మీదే ఉంది, పెడళ్లు మాత్రం పరుగెడుతున్నాయి. వెనక బిగించిన సానరాయి గిర్రున తిరుగుతుంటే, బార్బరు కత్తెర దానికి తగిలి నిప్పురవ్వలు చిమ్ముతోంది. ఆ రవ్వలు పడీపడీ సానాయన చొక్కా ముందువైపు జల్లెడైపోయింది. చిల్లు చిల్లుకీ ఆయన భార్య మాసిక వేసింది. పొద్దున బయల్దేరుతుంటే కూడా దెప్పింది.

"ఈ చొక్కాలో నీ గుడ్డెంతో, నా మాసికలెంతో!"

"నువ్వే ఎక్కువున్నావులే," అన్నాడు. ఆవిడ నవ్వు దాచుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

ఆ వీధికి ఒక పద్ధతి ఉంది. తన కొట్టు గొప్ప తాను చెప్పుకోకూడదు. పక్కకొట్టు గొప్పే చెప్పాలి. బార్బరు గడ్డం గీస్తూ పండ్లకొట్టు కథ ఎత్తుకుంటాడు. పండ్లకొట్టామె తూకం వేస్తూ తాళాలు బాగుచేసే ఆయన కథ అందుకుంటుంది. విన్నవాళ్ల కాళ్లు వాటంతటవే పక్కకొట్టుకు నడుస్తాయి. పెద్దరోడ్డు మీద అద్దాల దుకాణాలు లేచినా ఆ వీధి బతికి బట్టకట్టిందంటే ఆ నోళ్ల చలవే.

ఎటొచ్చీ, వీధి చివరనున్న టైలరమ్మకే అన్యాయం జరిగింది. ఆవిడకు ఒకపక్క గోడ, రెండోపక్క ఎప్పుడో మూతపడ్డ కొట్టు. కథ చెప్పేవాళ్లు లేరు, గిరాకీ లేదు. ఈ సాయంత్రం ఆవిడ కుట్టుమిషను కొని పట్టుకుపోవడానికి మనిషి వస్తున్నాడు. ఆ మాట నిన్న చెవిన పడ్డప్పటి నుంచి సానాయనకు కుదురు లేదు. ఇవాళ్టికి ఆవిడ పక్కకొట్టు తానే అనుకున్నాడు.

"ఆ టైలరమ్మ గొడుగుకు కుట్టు వేసిందయ్యా," అన్నాడు కత్తెర తిప్పి చూస్తూ. "వాన చినుకు ఆ కుట్టు ఎక్కడుందో వెతుక్కుని వెతుక్కుని విసుగొచ్చి వెనక్కి పోయింది."

"చినుకు వెనక్కి పోయిందా!" బార్బరు చేతిలో గడ్డం సగంలో ఆగిపోయింది.

"పైకి. నా కళ్లారా చూశాను."

ఇంకేం, బార్బరు నోట్లో ఆ గొడుగు పారాచూట్ అయింది. పండ్లకొట్టామె దగ్గరికి చేరేసరికి పారాచూట్ కాస్తా మబ్బయింది. మబ్బు చిరిగి వాన ఆగకపోతే టైలరమ్మను నిచ్చెన ఎక్కించి కుట్టించారట! సానాయన తిరుగుప్రయాణంలో ఆ కథ విని, అది తన బిడ్డేనని పోల్చుకోలేక, నోరు తెరుచుకుని మళ్లీ చెప్పించుకున్నాడు. ఎడమ భుజం లాగుతుంటే చేతిని ఓసారి విదిలించి, పెడలు తొక్కాడు.

మధ్యాహ్నం దాటాక వీధిలోకి లారీ ఒకటి వచ్చింది. అందులోంచి సర్కస్ మేనేజరు దూకాడు.

"మబ్బు కుట్టినావిడ ఇక్కడేనా? గాలికి మా డేరా నిలువునా చిరిగింది. రేపే ఆట!"

టైలరమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. తర్వాత సానాయన మీద విరుచుకుపడింది.

"బాబాయ్! ఇది నీ పనేనా? చొక్కాలు, దిండు గలీబులు కుట్టుకునేదాన్ని! డేరా ఏమిటి నా మొహం!"

"మబ్బు తడిగా ఉంటుందమ్మాయ్, జారిపోతుంది. డేరా పొడిదేగా!"

ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుడ్డ అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. కళ్లు చిట్లించి చిరుగు పొడవునా నడిచింది. "దబ్బనాలు కావాలి. మడత వేసి ముందు దబ్బనంతో, ఆపైన మిషనుతో కుడతాను, మీరంతా గట్టిగా లాగిపట్టాలి," అంది. ఆ గొంతు వేరుగా ఉంది.

డేరా వీధంతా పరుచుకుంది. బార్బరు ఒక అంచు, పండ్లకొట్టామె మరో అంచు పట్టుకున్నారు. దళసరి గుడ్డకు కత్తెర మొరాయించినప్పుడల్లా సానాయన పదును పెట్టి అందించాడు. మిషను కొనడానికి వచ్చిన మనిషికి ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపు అతని చేతిలోనూ ఒక కొస పెట్టేశారు.

"అమ్మా, మరి మిషను..." అని నసిగాడతను.

"చూస్తున్నావుగా, పనిలో ఉంది! కొస వదలకు!"

వీధి గొల్లున నవ్వింది. చివరి కుట్టు పడేసరికి పొద్దు వాలింది. మేనేజరు చిరుగు చోటు పట్టి రెండు చేతులా లాగాడు. కదల్లేదు. "తెరలు, ఆటగాళ్ల బట్టలు, ఏనుగు మీద కప్పే గుడ్డ కూడా నీకే తల్లీ," అన్నాడు. మిషను కోసం వచ్చిన మనిషి కొస వదిలి, చెమట తుడుచుకుని, తన చొక్కాకు గుండీ కుట్టించుకుని వెళ్లాడు.

టైలరమ్మ దారాలు తుంచే బుల్లికత్తెర తెచ్చి, "బాబాయ్, ఇదొక్కటీ చేసిపెట్టు," అని చేతిలో పెట్టింది. ఆయన సైకిలుకు స్టాండు వేసి, గోడకు ఆనించుకుని తొక్కడం మొదలుపెట్టాడు. ఆవిడ మేనేజరు వైపు తిరిగింది. ఆనందం పట్టలేక మాటలు తడబడుతున్నాయి.

"ఈయన సంగతి తెలుసా మీకు? ఓసారి చాకు పదును పెట్టాడు. దాన్ని నేలమీద పెడితే ఈయన నీడే తెగింది! పాపం ఆ నీడ ఇప్పటికీ రెండు ముక్కలుగానే తిరుగుతోంది!"

అందరూ పడీపడీ నవ్వారు. దీన్ని మించింది ఇప్పుడు సానాయన చెబుతాడని అటు తిరిగారు. రాయి ఆగి ఉంది. ఆయన హాండిలు మీద తల ఆనించి ఉన్నాడు. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. టైలరమ్మ, "బాబాయ్," అని పిలిచింది. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి, ఈసారి చిన్నగా పిలిచింది.

సానరాయి పక్కన బుల్లికత్తెర తెరుచుకుని ఉంది, ఒక రెక్క తళతళలాడుతూ, ఇంకో రెక్క తుప్పుతోనే.