ఉరికించిన ఈల

నేను ఒక ఇత్తడి ఈలను. బొటనవేలంత ఒళ్లు, కడుపులో ఒక బెండు గింజ. సొంత ఊపిరి లేదు. ఎవరి నోట్లో ఉంటే వాళ్ల గాలే నాకు గొంతు. అయినా నా అరుపు విని పరుగెత్తినవాళ్లను ఒకచోట చేరిస్తే చిన్న ఊరవుతుంది. కన్నవాళ్ల మాట వినని మనుషులు నా మాట ఎందుకు వింటారో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

పట్నంలో ఒక ఇరుకు కార్ఖానాలో రేకును అచ్చులో నొక్కి, వంచి, అతికి నన్ను తయారుచేశారు. మెరుగు పెట్టినవాడు ఒకసారి ఊది చూసి డబ్బాలో పడేశాడు. ఆటసామాన్ల దుకాణం మీదుగా బొగ్గుబావుల ఊళ్లో సర్కారు బడికి, డ్రిల్లు సారు నర్సింహస్వామి మెడలోకి చేరాను. ఆయన ప్రార్థనకు పిల్లలను వరుసలో నిలబెట్టి, మిగతా పొద్దంతా వరండాలో కునుకు తీసేవాడు. నాకూ హాయిగానే గడిచింది.

దేవేందర్ ఆ బడిలోనే చదివాడు. లావుపాటి పిల్లవాడు. వడ్లు పోసుకునే గుమ్మిలా ఉన్నాడని తోటివాళ్లు అతన్ని 'గుమ్మి' అనేవాళ్లు. పరుగు పందెంలో అతను అందరికన్నా వెనక ఆయాసపడుతూ వస్తుంటే బడి మొత్తం గుమ్మీ గుమ్మీ అంటూ చప్పట్లు కొట్టేది. బడి చదువు అయిపోయాక అతను ఒంటరిగా మైదానం చుట్టూ పరుగెత్తడం మొదలుపెట్టాడు. వాంతి చేసుకునేవాడు, మూతి తుడుచుకుని మళ్లీ పరుగెత్తేవాడు. కొన్నేళ్లకు ఉక్కులాంటి మనిషై తిరిగాడు. సారు రిటైరైన రోజున ముచ్చటపడి నన్ను అతని మెడలో వేశాడు.

దేవేందర్ యువజన సంఘం పెట్టాడు. తెల్లవారుజామున నేను మోగితే వాడవాడల నుంచి కుర్రవాళ్లు మైదానానికి వచ్చేవాళ్లు. అతని మాట మీద గుట్కా మానినవాళ్లున్నారు, తాగుడు మానినవాళ్లున్నారు. తల్లులు దారిలో ఆపి అతనికి దండం పెట్టేవాళ్లు. ఆరోగ్యానికి మా వార్డులో అతనే ఉదాహరణ. ఆ రోజుల్లో అతని మెడలో ఉండటం నాకు గర్వంగా ఉండేది.

హాస్టల్లో వంట చేసే కనుకవ్వ ఒకరోజు తన ఒక్కగానొక్క కొడుకు ఓదేలును వెంటబెట్టుకొచ్చింది. భారీ శరీరం, పసివాడి నవ్వు.

"బిడ్డా, వీనికి పోలీసు కొలువంటే పాణం. గానీ ఒళ్లు లేస్తలేదు. నీ తమ్ముడనుకొని జర తయారు జెయ్యి" అంది.

"నా చేతుల వెట్టినవ్ గదవ్వా, ఇగ ఫికరు జెయ్యకు" అన్నాడు దేవేందర్.

ఓదేలును చూసిన క్షణంలో అతని ఊపిరి మారడం నాకు తెలిసింది. తనలోని ఏ పిల్లవాణ్ని చంపుకుని పైకొచ్చాడో, వాడే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

ఓదేలును చొక్కా విప్పించి ముందు వరుసలో నిలబెట్టేవాడు. "సూడుండ్రి, నోరు గట్టుకోకపోతే గిట్లయితరు" అని కొత్తవాళ్లకు చూపించేవాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు శిక్ష ఏమిటంటే, ఓదేలును వీపున మోసుకుని మైదానం చుట్టి రావడం. మోసినవాళ్లు దించేటప్పుడు వాణ్ని కసిగా నేలకు పడేసేవాళ్లు. వాడు దుమ్ము దులుపుకుని నవ్వేవాడు. దేవేందర్ బూట్లు ఎలా కట్టుకుంటే అలాగే కట్టుకునేవాడు. అన్న తన మీద ఇంత శ్రద్ధ పెడుతున్నాడని తల్లికి గొప్పగా చెప్పుకునేవాడట. నిజంగానే చిక్కాడు కూడా.

మునిసిపల్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. టికెట్ కోసం తిరుగుతున్న దేవేందర్ ఎండాకాలంలో 'ఆరోగ్య పరుగు' పెట్టాడు. పెద్ద నాయకుణ్ని పిలిచాడు. ఆ నాయకుడి కార్లు వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కి, తారు మెత్తబడింది. కుర్రవాళ్లు అప్పటిదాకా ఎండలోనే నిలబడ్డారు.

"అన్నా, నిన్నటి సంది జరమున్నది. ఇయ్యాల వద్దే" అన్నాడు ఓదేలు.

"జరం ఒంట్లె ఉండదురా, మనసుల ఉంటది. ఫోటోలల్ల నిన్నే జూపియ్యాలె. నువ్వు లేకపోతెట్ల?"

నేను మోగాను. అందరూ పరుగెత్తారు. దేవేందర్ జీపులో నిలబడి వాళ్ల ముందు సాగాడు. సగం దారిలో కల్వర్టు దగ్గర ఓదేలు కూలబడ్డాడు. జీపు ఆగింది. దేవేందర్ దిగి వాడి మీదికి వంగాడు.

"కండ్లు మసకైతున్నయన్నా. దమ్ము అందుతలేదు."

"అందరు జూస్తున్నరు. నా ఇజ్జత్ దీయకు. లే!"

నన్ను వాడి చెవికి ఆనించి ఊదాడు. ఎన్నో ఊపిరులు ఎరిగినదాన్ని కనుక చెబుతున్నాను, ఆ ఊపిరిలో కోపం లేదు. ఒకప్పుడు తన వెనక చప్పట్లు కొట్టినవాళ్ల సంబరమే ఉంది.

ఓదేలు లేచాడు. పరుగు ముగిసే చోట వేసిన వేదిక దాకా పరుగెత్తి అక్కడ బోర్లాపడ్డాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. ఎవరో నీళ్లు చల్లారు. మైకులో నాయకుడి ఉపన్యాసం ఆగలేదు. సాయంత్రానికి ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

కనుకవ్వ నేల మీద కూర్చుని దేవేందర్ కాళ్లు పట్టుకుంది. "ఏమైంది బిడ్డా నా కొడుక్కు?"

"గుండె బలంగ లేదటవ్వా. ముందుగాల జెప్పకపోతిరి" అన్నాడు.

ఆమె నమ్మింది. తప్పు తనదేనని గుండెలు బాదుకుంది.

దేవేందర్ కౌన్సిలరయ్యాడు. మరుసటి ఏడు అదే మైదానంలో 'ఓదేలు స్మారక ఆరోగ్య పరుగు'. బ్యానరు మీద బొద్దుగా ఉన్నప్పటి ఓదేలు ఫోటో, పక్కన కండల దేవేందర్. "ఊపిరి ఉన్నంతవరకు ఆగని వీరుడు" అని మైకులో పొగిడాడు. కల్వర్టు దగ్గర ఏం జరిగిందో ఆ ఏడాదిలో ఎవరో కనుకవ్వ చెవిన వేశారని అతనికి తెలియదు. పరుగు ఆమె చేతుల మీదుగా మొదలవ్వాలని నన్ను తీసి ఆమెకిచ్చాడు.

ఆమె నన్ను నోటికి తీసుకోలేదు. పిడికిట్లో బిగించింది.

"ఊదవ్వా, ఎండయితున్నది" అన్నాడు నవ్వుతూ.

ఆమె వరుసల వైపు తిరిగింది. "బిడ్డలాలా, ఉరుకకుండ్రి. నా కొడుకు దమ్ము అందుతలేదంటె చెవుల ఈల ఊదిండు వీడు. ఇండ్లకు పోండ్రి. మీ అవ్వలు ఎదురుచూస్తరు."

కొందరు తలలు దించుకున్నారు. ఒకడు వరుసలోంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఈ మనుషులు మొదటిసారి నా మాట కాకుండా ఒక తల్లి మాట వింటారనుకున్నాను.

దేవేందర్ ముఖంలో నవ్వు చెదరలేదు. "కడుపుకోత, పాపం" అని మైకులో అంటూ జేబులోంచి ప్లాస్టిక్ ఈల తీసి ఊదాడు.

అందరూ పరుగెత్తారు. అడుగు వెనక్కి వేసినవాడు కూడా. బండను తప్పుకున్నట్టు ఆమెకు అటూ ఇటూ చీలి పరుగెత్తారు. ఆ దుమ్ములో ఆమె నిలబడి ఉంది, ఆమె పిడికిట్లో నేను ఉన్నాను. అన్నేళ్లూ వాళ్లు నా మాట విన్నారనుకోవడం నా భ్రమ.

ఆమె నన్ను ఇంట్లో ఉంచుకోలేదు. పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేసింది. అతను అలవాటుగా నోట్లో పెట్టుకోబోతే చేయి పట్టుకుని ఆపింది. ఇప్పుడు కొళాయి ముక్కలు, తలుపు గొళ్లేల నడుమ గోనెసంచిలో ఉన్నాను, కొలిమికి పోయే వంతు కోసం. తెల్లవారుజామున మైదానం వైపు నుంచి ప్లాస్టిక్ ఈల వినిపిస్తుంది. దాని వెంటే అడుగుల చప్పుడు. నా కాలంలో కంటే ఎక్కువమందే వస్తున్నారు.