చిలుకను పడగొట్టినవాడు

లేయ నది మీంచి గాలి.

తడి ఉన్ని వాసన... నానిన అవిసె నార వాసన.

మే నెల గాలి — అది ఎవరి పక్షమూ కాదు.

ఆ గాలిలోనే, అరవై మూరల స్తంభం కొసన, కొయ్య చిలుక ఊగింది.

గెంట్ ఊళ్ళో విలుకాళ్ళ సంఘానికి ఏటా అదే ఆట. చిలుకను పడగొట్టినవాడు ఏడాదిపాటు రాజు. ఎవరు పడగొట్టారో తేలనప్పుడు, గుచ్చుకున్న బాణమే సాక్షి. అందుకే ఒక్కొక్కరి బాణం తోకకు ఒక్కో రంగు దారం.

గోస్విన్‌ది ఎరుపు. బట్టల వర్తకుడు. నలభై ఏళ్ళలో ఎవరికీ వేలెడు గుడ్డ తక్కువ కొలవలేదు.

లీవెన్‌ది నీలం. గోస్విన్ ఇచ్చే ఉన్నిని నేసేవాడు. నేతగాళ్ళలో ఇంతవరకు ఎవరూ రాజు కాలేదు.

లీవెన్ కొట్టాడు. చిలుక వణికింది — పడలేదు. ఆ ఎండలో, అంత ఎత్తున, ఏం గుచ్చుకుందో ఎవరికీ కనబడలేదు.

గోస్విన్ కొట్టాడు. తన బాణం చిలుకను దాటి నదిలోకి పోవడం తానే చూశాడు.

అప్పుడు గాలి వీచింది.

చిలుక పడింది... అతని కాళ్ళ దగ్గరే.

జనం కేక. అతను వంగాడు. చిలుక పొట్టలో నీలం దారం.

లేచేసరికి ఆ బాణం అతని అంగీ చేతిలోపల ఉంది.

ఎంతసేపు? ఒక మూర గుడ్డ కొలిచేంత సేపు.

నలభై ఏళ్ళ కొలత ఆ ఒక్క మూరలో పోయింది.

ఇప్పుడు సంఘం ప్రార్థనాలయం గోడకు బొమ్మ వేస్తున్నారు. రాజు గుర్తుగా మెడలో వెండి చిలుకతో గోస్విన్ ముందు. టోపీ తీసి లీవెన్ వెనక.

మూడు రోజులు నది ఒడ్డంతా వెతికానని చెబుతున్నాడు లీవెన్. నవ్వుతూనే.

"నా బాణం ఏ బాతు ఎత్తుకుపోయిందో షావుకారూ. గుడ్డు అనుకుని పొదుగుతోందేమో."

గోస్విన్ కూడా నవ్వాడు. నవ్వినందుకు చెవులు కాలాయి.

రాజుగారి చేతిలో బాణానికి ఏ రంగు దారం వెయ్యాలని చిత్రకారుడు అడిగాడు.

గోస్విన్ కిటికీ వైపు చూశాడు.

"ఎరుపు వెయ్యండి," అన్నాడు వెనకనుంచి లీవెన్. "ఊరంతా చూసింది కదా."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

ఉంటే బాగుండేది.

చెప్పాలి. ఈ రంగు ఆరితే మునిమనవళ్ళకు కూడా ఇదే నిజం. ఇప్పుడే —

"లీవెన్, ఆ రోజు..."

"నోరు కదపకండి రాజుగారూ," అన్నాడు చిత్రకారుడు. "పెదవులు వేస్తున్నాను."

మూసుకున్నాడు.

హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యకే తల కొట్టేసినట్టయింది. దించుకుందామంటే చిత్రకారుడు దించనివ్వడు.

కిటికీలోంచి గాలి.

తడి ఉన్ని వాసన.

ఎర్ర రంగు ఇంకా ఆరలేదు...