ఎనిమిది కుట్లకొక ముడి

“కాజాలే గదనే, ఎంతసేపు? ఇషాక్ సాబ్ రైలు దిగి వచ్చేటాలకు కానియ్యి,” అంటూ ఆత్మారాం గిరాకీ షేర్వాణీని భార్య ఒడిలో పడేసి ముందరి కొట్టులోకి పోయాడు. పొయ్యి మీద జొన్నగట్క కుతకుతలాడుతోంది. గోదావరి కట్టె వెనక్కి లాగి, వెలుతురు పడేచోట గోడకు ఆనుకొని సూదిలోకి దారం ఎక్కించింది. ఏడు గుండీలు, ఏడు కాజాలు. బోధన్ బజారులో మేర ఆత్మారాం కుట్టుమిషన్‌కు పేరుంది. ఆ పేరు నిలబెట్టేది ఈ కాజాలూ, లోపలి అంచు మడిచి కుట్టే తుర్పాయీ, మెడపట్టీ కింద కనబడని చేతికుట్టూ అని ఇంట్లోవాళ్ళకే తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి సరదాగా మిషన్ ముందు కూర్చోబోతే అత్త సత్తవ్వ, “ఆడిది మిషన్ తొక్కితే బజార్ల మొకం చెల్లుతదా,” అన్నది. పన్నెండేండ్లయింది, మళ్ళీ దాని దగ్గరకు పోలేదు. బట్టలు తీసుకుపోయేవాళ్ళు “వాహ్ ఆత్మారాం, ఏం చెయ్యిర నీది,” అంటే ఆయన తల వంచుకొని నవ్వేవాడు. చెడ్డవాడు కాదు. అట్లా నవ్విన రోజు పొద్దుమూకే వేళకు పుట్నాల పొట్లం తెచ్చి, ఏమీ చెప్పకుండా ఆమె సూదిపెట్టె పక్కన పెట్టేవాడు. ఆమె కూడా ఏమీ అడగకుండా తినేది.

మొన్న శివరాత్రి వెళ్ళాక, చక్కెర ఫ్యాక్టరీ కట్టే దొరలను ఎక్కించుకొని ఒక గాలిమోటరు ఊరి బయట కోసిన జొన్నచేనులో దిగింది. ఊరంతా అక్కడే. ఒక ఆసామి ఇంటిల్లిపాదికీ దగ్గరగా చూపిద్దామని బండి తోలుకుపోతే, ఎద్దులు బెదిరి కాడి పోయి రెక్కకు తగిలింది. చూస్తే అది రేకు కాదు, బట్ట. మూరెడు చినిగింది. మోటరు వెంట వచ్చిన మిస్త్రీ ఇషాక్, దాన్ని కుట్టడానికి మేరాయన కావాలన్నాడు. ఆత్మారాం మిషన్‌ను బండి మీద తీసుకుపోయాడు గానీ, కర్రల మీద బిగించిన బట్టను మిషన్ కింద పెట్టేదెట్లా? ఇంటికి తిరిగి వచ్చి, ఎవరూ వినకుండా, “గోదారీ, నీ సూది తీస్కొని రా,” అన్నాడు.

కొంగు ముఖం మీదికి లాక్కొని ఆమె కుట్టింది. రెక్క కింద కూర్చొని ఇషాక్ చెప్పాడు. “ఎనిమిది కుట్లకొక ముడి ఎయ్యాలె అక్కా. ఒక్కతాన తెగినా పక్కది ఇడువొద్దు. పైన గాలి ఊకోదు, గుంజుతది.” ఆమె ముడి వేసింది, ఆయన బొటనవేలితో తడిమి చూశాడు, మళ్ళీ చెప్పలేదు. కుట్టు మీద బట్ట అంటించి, మురిగిన అరటిపండు వాసన కొట్టే మందేదో పూశాడు. తరువాత సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. “ఎవలు కుట్టిండ్రో ఆళ్ళ దస్తఖత్ గావాలె. రేపేమన్న అయితే మొదలు ఈ పేరే అడుగుతరు.” పుస్తకం ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు. అలవాటు ప్రకారం ఆత్మారాం చెయ్యి చాచి తన పేరు రాశాడు.

మోటరు లేచినప్పుడు జనం కేకలు పెట్టారు. గోదావరి ఆ ఒక్క కుట్టునే చూసింది, కనిపించకుండా పోయేదాకా. ఆ పూట ఆత్మారాం కడుపునిండా తిన్నాడు, ఆమె కంచం పక్కకు జరిపింది. పేరు రాసినాయనకు లేని భయం ముడి వేసిన తనకెందుకు అనుకుంది. గిన్నెలు తోముతూ అనుకుంది, పిండి విసురుతూ అనుకుంది. రోజులు గడిచేకొద్దీ ఆ భయం మీద విచిత్రంగా మోజు కలిగింది. ఇంట్లో ఇన్ని పనులు చేస్తోంది, కూరలో ఉప్పు తప్ప ఎవరూ దేనికీ ఆమెను జవాబు అడగరు. ఆ కుట్టుకు మాత్రం తననే అడిగితే బాగుండు.

నాలుగు రోజుల కింద ఇషాక్ రైల్లో మళ్ళీ వచ్చాడు. పట్నంలో బేగంపేట గాలిమోటర్ల కార్ఖానాలో పని నేర్చుకునేవాళ్ళను తీసుకుంటున్నారట. మొదట బట్ట, కర్ర, తరువాత ఇంజను. రెండేండ్లకు పరీక్ష. అందులో నెగ్గితే ఆ పుస్తకంలో సొంతంగా సంతకం చేసే హక్కు ఇస్తారు. ఆ మాట ఇషాక్ ఆత్మారాంతో చెప్పి, జవాబుకు నాలుగు రోజుల్లో వస్తానన్నాడు. తలుపు వెనక నిలబడి గోదావరి విన్నది.

“ఇద్దరం పోదాం,” అన్నాడు ఆత్మారాం ఆ సాయంత్రం, చిన్నపిల్లవాడిలా. “నాకు గా ముడి నేర్పియ్యి. నువ్వు నా ఎంబడే ఉంటవ్ గద.” చాట మీద బట్ట బిగించి మూడు రోజులు నేర్పింది. ఆయన వేళ్ళు మిషన్ చక్రానికి అలవాటు పడ్డవి. సూది గుచ్చుకున్నా విసుక్కోలేదు, కానీ వేసిన ముడి వేసినట్టే జారిపోయేది. ఆయన వేలికి పసుపు అద్దుతూ ఆమె తూచుకుంది. నోరు మూసుకుంటే పట్నం చూస్తుంది, వేరు కాపురం, అత్త మాటలుండవు. కానీ ఆ ముడిని నమ్ముకొని ఎవరో ఆకాశంలోకి పోతారు. నోరు తెరిస్తే ఆ పని ఇద్దరికీ లేకుండా పోవచ్చు. సత్తవ్వ కనిపెట్టినట్టుంది. “ఆని నోటికాడి బువ్వ తియ్యకు బిడ్డా,” అన్నది, కోపంగా కాదు, బతిమాలినట్టు. అదే ఎక్కువ బరువైంది.

ఏడో కాజా అయిపోతుండగా ఇషాక్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. “ఏమంటవ్ ఆత్మారాం? వస్తున్నవా?”

ఆత్మారాం గొంతు సవరించుకున్నాడు. గోదావరి షేర్వాణీ మడిచి పక్కన పెట్టి, గడప దాటి వచ్చింది.

“భాయ్, గా రెక్క మీది కుట్లు నావి. నేర్చుకోనీకి నేనొస్త.”

“నాకెరికే అక్కా. రెక్క కింద కూసున్నది నేనే గద.”

“ఎరికుండి ఈయననెందుకు పిలుస్తున్నవ్?”

ఇషాక్ చెప్పులకేసి చూసుకున్నాడు. “ఆడామె పేరు చెప్తే పెద్దసాబ్ నవ్వుతడు. ఇప్పటిదాంక ఒక్కామెను తీస్కోలే.”

“అడుగు.”

“వద్దంటే ఈయనకు గూడ పోతదక్కా.”

లోపల సత్తవ్వ చేతిలోని చెంబు చప్పుడైంది. ఆత్మారాం లేచాడు. అరుస్తాడనుకుంది గోదావరి. ఆయన పసుపు అంటిన వేళ్ళు ఇషాక్‌కు చూపించాడు. “మూడు దినాలు నేర్పింది సాబ్. నా ముడి నిలుస్తలేదు. గామె పేరే చెప్పు.”

ఇషాక్ సరేనని తల ఊపి, రైలుకు టైమైందని లేచాడు. ఆయన బజారు మలుపు తిరిగేదాకా ఇద్దరూ అరుగు మీదే నిలబడ్డారు.

“వద్దంటే ఏం జేస్తవ్ గోదారీ?” అన్నాడు ఆత్మారాం మెల్లగా.

“వద్దంటే నన్ను వద్దంటరు,” అన్నది ఆమె. “గా వద్దన్న మాటైన నా పేరు మీద గానియ్యి.”