ఇరవై రెండు ఇళ్ల అరుగు

సాలమోను మాస్టారి గుర్రం కథ తెలియనివాళ్లు పాత గిడ్డంగుల వీధిలో లేరు. నమ్మినవాళ్లు అంతకన్నా లేరు.

కథేమిటంటే, వెనకటి రోజుల్లో అమలాపురం కాలవ చూడ్డానికి ఒక ఇంజినీరు దొర శ్రావణమాసం ముసురులో వచ్చాడట. వీధి నిండా మోకాలి లోతు బురద. బురదను చూసి దొరగారి గుర్రం మొహం తిప్పేసుకుందట. చేసేది లేక దొర దాన్ని మొదటి ఇంటి అరుగు ఎక్కించి, ఆఖరి ఇంటిదాకా అరుగుల మీదే నడిపించేశాడట. కోనసీమలో కాలుపెట్టిన గంటకే మర్యాద అబ్బేసిందేమో, ఆ గుర్రం ప్రతి గుమ్మం ముందూ ఆగి తల వంచి మరీ కదిలిందట.

"అండీ అని కూడా అందా మాస్టారూ?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"అందండి. ఇంగ్లీషులో అంది, మనకి తెలీలేదు," అనేవారు మాస్టారు.

ఆ వీధి కాలవగట్టున ఉంది. పడవల మీద బియ్యం, కొబ్బరి సాగిన కాలంలో షావుకార్లు గిడ్డంగులు కట్టి, వాటి ఎదురుగా ఇళ్లు వేసుకున్నారు. ఇరవై రెండు ఇళ్లు గోడకి గోడ ఆనించి కట్టారు. అన్నిటికీ కలిపి ముందు ఒకటే అరుగు. వానాకాలం కాలికి తడి అంటకుండా ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లిపోవచ్చని ఆ వీధివాళ్లు పొరుగూరి చుట్టాలకి గొప్పగా చెప్పుకునేవారు. పడవలు పోయాయి. గిడ్డంగుల్లో గబ్బిలాలు చేరాయి. అరుగు మాత్రం మిగిలింది.

వీధికి ఒక సంఘం ఉంది. ప్రెసిడెంటు ప్రభాకరరావు గారు, పదకొండో ఇంటాయన. పలివెల దగ్గర పొలం, కొబ్బరితోట ఉన్న పెద్దమనిషి. కార్యదర్శి జోజి, రేడియోలు బాగుచేస్తాడు. మెంబర్లలో ఒకరు బంగారమ్మ గారు, మొగుడు పోయాక ఇంటి ముందు అరుగు మీదే కాఫీ హోటలు నడుపుకుంటున్న మనిషి. ఇంకొకరు సాలమోను మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరై, ఆఖరి ఇల్లు అమ్మకానికొస్తే కొనుక్కుని ఊరి చివర పేట నుంచి ఇక్కడికి వచ్చారు. తీరికా, గొంతూ రెండూ ఉన్నాయని సంఘంలో వేసుకున్నారు. జీతం లేని ఉద్యోగం. నెలకోసారి, ఆదివారం, మాస్టారి చర్చి అయ్యాక, ప్రెసిడెంటు గారి భోజనమయ్యాక, బంగారమ్మ గారి అరుగు మీద కూర్చునేవారు. వీధిలైటు మాడిందని ఒక అర్జీ, కుళాయి ఎండిందని ఒక అర్జీ. ఆరేళ్లలో ఒక్క తీర్మానం మీదా ఎవరూ కాదనలేదు. ఎదుటిమనిషి మొహం మీద కాదనడం ఆ వీధిలో పుట్టినవాళ్లకి చేతకాని పని.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో మునిసిపాలిటీ నుంచి కాగితం వచ్చింది. వీధికి సిమెంటు మురుక్కాలవ వేస్తారు. అరుగు రోడ్డు మీదికి మూడడుగులు వచ్చేసింది కాబట్టి కొట్టేస్తారు. అభ్యంతరాలుంటే నెల లోపల చెప్పుకోవాలి.

ఆ కాగితం చదివాక మాస్టారికి రెండురోజులు అన్నం సయించలేదు. ముప్పై అయిదేళ్లు ఎక్కాలు చెప్పిన గొంతు రిటైరయ్యాక ఆ అరుగు మీదే బతుకుతోంది. సాయంత్రమయ్యేసరికి పాతికమంది చేరతారు. బంగారమ్మ గారు కాఫీలు పోస్తూ "ఇంకా కొయ్యండి మాస్టారూ" అంటుంది. అరుగు పోతే ఆవిడ హోటలు పోతుంది. హోటలు పోతే తను ఎక్కడ కూర్చుంటాడు, ఎవరికి చెప్తాడు?

ఆదివారం సమావేశంలో జోజి వార్త తెచ్చాడు.

"ఆఫీసులో కనుక్కున్నానండి. సొంత అరుగైతే ఆక్రమణంట, కొట్టేస్తారంట. అదే పూర్వం నించీ పదిమందీ నడిచే దారని రుజువైతే, కాలవ అవతలి పక్కకి జరుపుతారంటండి."

"రుజువంటే?" అన్నారు ప్రభాకరరావు గారు.

"ఎవరో ఒకరు పెద్దవాళ్లు నడిచినట్టు ఉండాలి కదండీ."

అందరూ మెల్లగా మాస్టారి వైపు తిరిగారు.

"ఆయ్, బాగుందండి. అది గుర్రం కథండి బాబూ!" అన్నారు మాస్టారు.

"గుర్రం మీద దొరున్నాడు కదండీ," అంది బంగారమ్మ. "ఆరేళ్ల నించి చెప్తున్నారు. ఆ గుర్రానికీ ఈపాటికి పింఛనొచ్చుంటది. ఓ సంతకం పెట్టేద్దురూ."

ప్రభాకరరావు గారు కచేరీ భాషలో అర్జీ రాయించి తెచ్చేశారు. జోజి చదివాడు. 'సదరు ఇరువది రెండు గృహముల అరుగు ఎచ్చటను అడ్డంకి లేక ఏకముగా నుండి, పూర్వము ఇంజినీరు దొరగారు గుర్రముపై పయనించినట్లు పెద్దల వలన తెలియుచున్నది.' కింద 'సాక్షి: రిటైర్డు హెడ్మాస్టరు' అని చోటు వదిలారు.

ఎచ్చటను అడ్డంకి లేక అన్న మాట దగ్గర మాస్టారు కళ్లు నేలమీదికి దించుకున్నారు. బంగారమ్మ గ్లాసులు సర్దుకుంది. జోజి ఆ ముక్క కొంచెం వేగంగా చదివేశాడు. "అంతేకదండీ?" అన్నారు ప్రెసిడెంటు గారు. "ఆయ్, అంతేనండి," అన్నారందరూ.

ఒక్కసారి చదువుకుని ఇస్తానని మాస్టారు కాగితం ఇంటికి పట్టుకెళ్లారు. ఆయన భార్య మార్తమ్మ చేపలు కడుగుతూ, చదవండి వింటానంది. విని చెయ్యి ఆపింది.

"అడ్డంకి లేకా? మరి ప్రెసిడెంటు గారి గోడలో?"

ఉన్న చిక్కు అదే. పదకొండో ఇంటి అరుగుకి ఇటో గోడ, అటో గోడ, నడుమెత్తున ఉన్నాయి. ప్రభాకరరావు గారి తండ్రి కట్టించినవి. వాటి మీద ఇప్పుడు క్రోటను కుండీలు పెట్టారు. అరుగు మీద నడిచేవాళ్లు పదో ఇంటి దగ్గర దిగి, ఆయన ఇల్లు దాటాక పన్నెండో ఇంటి దగ్గర మళ్లీ ఎక్కుతారు. రోజూ దిగుతారు, రోజూ ఎక్కుతారు. అయినా అరుగు ఒకటే అంటారు. ఆ గోడల సంగతి ప్రభాకరరావు గారి ముందు ఎత్తితే ఆయన నొచ్చుకుంటారని ఎవరూ ఎత్తలేదు. ఎత్తక ఎత్తక కళ్లకి ఆనడం కూడా మానేశాయి. మాస్టారి గుర్రం కూడా ఆరేళ్లుగా వాటిని చూడకుండానే నడుస్తోంది.

"మీ కోతలు విని నేనూ నవ్వుతాను," అంది మార్తమ్మ. "ఎవరికీ నష్టం లేదు. దీనికింద పేరు పెడితే మాత్రం, అత్తగారు నడిచిన నడక మీద ఆ గుర్రాన్ని ఎక్కించినట్టండి."

మాస్టారు కాగితం మడిచి బైబిల్లో పెట్టి, మళ్లీ తీసి, బీరువా మీద పెట్టారు. సంతకం పెట్టకుండానే తెల్లారింది.

ఓవర్సియరు బుధవారం పొద్దున్న వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు, సైకిలు దిగుతూనే టేపు తీశాడు. బంగారమ్మ కాఫీ ఇచ్చింది. ప్రభాకరరావు గారు బొండం కొట్టించారు. టేపు ఒక కొస జోజి పట్టుకున్నాడు. అందరూ అరుగెక్కి మొదటి ఇంటి నుంచి బయల్దేరారు. దారిపొడుగునా ఓవర్సియరుకి గుర్రం కథ చెప్పేది మాస్టారు కాదు, మిగతావాళ్లు.

"తెల్ల గుర్రమండి," అన్నాడు జోజి.

"దొర పక్కన దొరసాని కూడానండి," అంది బంగారమ్మ. "గొడుగేసుకుని."

"మా తాతగారు హారతిచ్చేరని చెప్పేవారండి," అన్నారు ప్రభాకరరావు గారు.

మాస్టారు కోసినంతకాలం అది పావలా అబద్ధం. ఇంతమంది చేతుల్లో పడి ఇంతింతై, వీధి పట్టకుండా ఐపోయింది. పైగా చెప్పేవాళ్లెవరూ నవ్వడం లేదు.

పదో ఇల్లు దాటాక టేపు ఆగింది.

"ఇదేమిటండీ?" అన్నాడు ఓవర్సియరు.

"క్రోటన్లండి," అన్నాడు జోజి.

"క్రోటన్ల కింద?"

"కుండీలండి."

"కుండీల కిందండీ?"

జోజి టేపు కొసని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఓవర్సియరు వంగి గోడని వేలితో కొట్టి చూశాడు. "మరి గుర్రం దీన్నెలా దాటిందండీ?"

"ఎగిరిందండి," అంది బంగారమ్మ.

"అటు పక్క ఇంకోటి ఉందికదండీ."

"దొరగారి గుర్రం కదండీ, రెండూ ఎగిరింది."

"మాస్టారు చెప్తారండి, ఆయనకి బాగా తెలుసు," అన్నారు ప్రభాకరరావు గారు. అనేసి మాస్టారి కళ్లలోకి చూశారు. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది.

మాస్టారికి అదెంతసేపు పని! గుర్రానికి రెక్కలు కట్టగలరు, గోడనే వంగి దణ్ణం పెట్టించగలరు. మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా. ఆయన దాన్ని మింగేశారు.

"గుర్రం లేదండి," అన్నారు. "దొరా లేడు. నేనే పుట్టించేను."

బంగారమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఎంత పని చేసేరు మాస్టారూ! నా పొయ్యి ఆర్పేసేరు కదండీ!"

ఓవర్సియరు టేపు చుట్టడం మొదలెట్టాడు. "అయితే దారి కాదన్నమాటే కదండీ. ఆక్రమణని రాసేస్తాను."

"దారేనండి. కాస్త ఆగండి బాబూ," అన్నారు మాస్టారు. ఆ గొంతు సాయంత్రాల గొంతులా లేదు. "నాకప్పుడు పదేళ్లు. ఆ వేసవిలో ఈ అరుగంతటికీ కొత్తగా గచ్చు చేసేరు. సున్నం మోసినవాళ్లలో మా అమ్మ ఉంది. శ్రావణంలో ముసురు పట్టింది. మేం పేటవాళ్లం, మాకు అరుగెక్కే అలవాటు లేదు, కింద నీళ్లలో నడిచేవాళ్లం. ఆరోజు నీళ్లు నడుం దాకా ఉన్నాయండి. అమ్మ నెత్తిమీద బియ్యం బుట్ట ఉంది. నన్ను చెయ్యి పట్టుకుని ఎక్కించేసింది. మొదటి ఇంటి నించి ఆఖరి ఇంటిదాకా నడిచేం. ఎవరూ ఏమీ అనలేదు. అరవనైనా అరవలేదు, మర్యాదస్తులు. వారం తిరిగేసరికి ఈ రెండు గోడలూ లేచేయి. అంటే గోడ కన్నా ముందు దారుందనే కదండీ? పెద్దవాళ్లు ఎవరు నడిచేరని మీరడిగితే రాసుకోండి. ఎలీసమ్మ."

వీధి వీధంతా అరుగు మీదే ఉంది.

ప్రభాకరరావు గారి మొహం ఎర్రబడింది. ఆయన కోప్పడితే సర్దిచెప్పడానికి జోజి సిద్ధంగా నిలబడ్డాడు. ఆయన కోప్పడలేదు. కండువాతో మెడ తుడుచుకున్నారు.

"మీ అమ్మగారి పేరు ఎలీసమ్మ గారాండీ?" అన్నారు. "ఆరేళ్ల నించి పక్కపక్కన కూర్చుంటన్నాం. అడగలేదు."

"నేనూ చెప్పలేదండి."

"నాకప్పుడు పన్నెండేళ్లు ఉంటాయి," అన్నారు ప్రభాకరరావు గారు, గోడ వైపు చూస్తూ. "ఇటుకలు నేనే అందించేను మాస్టారూ. తాపీమేస్త్రి సరదాకి అందించమన్నాడు. ఎందుకు కడతన్నారని అడగలేదు. తర్వాత తెలిసింది. తెలిసేక కుండీలు పెట్టేను."

ఓవర్సియరు టేపు సగం చుట్టి అలాగే పట్టుకున్నాడు. ఏమి రాయాలో అతనికి పాలుపోలేదు.

ప్రభాకరరావు గారు మొదటి కుండీని రెండు చేతులా ఎత్తి కింద పెట్టారు. రెండోది ఎత్తారు. మూడోది ఎత్తుతుండగా నడుం పట్టేస్తే మాస్టారు ముందుకొచ్చి రెండో పక్క పట్టుకున్నారు. ఇద్దరు ముసలాళ్లూ కలిసి తొమ్మిది కుండీలు దించారు. అప్పుడు ప్రభాకరరావు గారు పాలేరుని కేకేశారు.

"అబ్బులూ! గునపం పట్రా."

యాభై ఏళ్ల సున్నం. ఇటు గోడ పావుగంటలో పడింది, అటు గోడకి అంతసేపు కూడా పట్టలేదు. ఇటుకలు ఒక పక్కకి పేర్చారు. ఓవర్సియరు గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడైతే రాయచ్చండి. ఎవరో ఒకరు ఈ కొస నించి ఆ కొసకి దిగకుండా నడిచి చూపించండి. సంఘం సభ్యులందరూ సంతకాలు పెట్టండి, ఇకమీద ఎవరూ అడ్డుపెట్టమని."

ప్రభాకరరావు గారు మొదటి సంతకం పెట్టారు. పెన్ను మాస్టారికి ఇచ్చి, "మీరు నడవండి," అన్నారు.

మాస్టారు సంతకం పెట్టి మొదటి ఇంటి దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. కాలు కదల్లేదు. చెప్పులు విప్పారు, మళ్లీ తొడుక్కున్నారు. గోడలు పడగొడుతున్న చప్పుడుకి వచ్చి చూస్తున్న మార్తమ్మ కొంగు నడుముకి దోపుకుని అరుగెక్కింది.

"రండి. నేను ముందు నడుస్తాను," అంది.

ఆవిడ ముందు, ఆయన వెనక. ఓవర్సియరు ఇళ్లు లెక్కపెడుతున్నాడు. తొమ్మిది, పది. గోడ పడిన చోట మార్తమ్మ సున్నప్పెళ్లలు కాలితో పక్కకి నెట్టి లోపలికి అడుగేసింది. వేసి ఆగిపోయింది. రెండు గోడల మధ్యా ఇన్నాళ్లూ బయటివాళ్ల అడుగు పడని అరుగు కావడంతో, ప్రభాకరరావు గారి భార్య వెంకటరమణమ్మ గారు అంత పొడుగునా పంచె పరిచి గుమ్మడి వడియాలు పెట్టుకుని ఉన్నారు.

"వెంకటరమణమ్మ గారూ!" అని కేకేసింది మార్తమ్మ. "వడియాలు తీస్తారా, తొక్కుకుంటూ పొమ్మంటారా?"

"అయ్యయ్యో, ఒక్క నిమిషమండీ!" అంటూ ఆవిడ లోపల్నుంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. పంచె ఒక అంచు పట్టుకుని ఇంటి గోడవైపుకి లాగింది. "పొద్దుటే పెట్టేనండి, ఇంకా పచ్చిగా ఉన్నాయి, ఎత్తితే విరుగుతాయి. ఇటు జానెడు వదిలేను, అంచునుంచి నడవండి. మాస్టారూ, మీరూ జాగ్రత్తండీ. రేపట్నించి ఎక్కడ పెట్టుకోవాలో మీ సంఘంలో మీరే తేల్చండి."

"ఆయ్, తేలుస్తామండి," అన్నారు మాస్టారు, ఒక కాలి ముందు ఒక కాలు వేసుకుంటూ.